పైడమ్మ తిరగరాసిన నాలుగు పేజీలు

బొబ్బిలి దగ్గరి ఒక పల్లె నుంచి పైడమ్మ 1911లో గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, ఫిజీకి వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. మొగుడు జ్వరంతో పోయాక రెండేళ్లు మరిది ఇంట్లో చాకిరీ చేసింది. అక్కడ ఇక నిలవలేక ఒకరోజు కూలీలను చేర్చుకునే డిపోకు నడిచి వెళ్లి ఐదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసింది. లబాసా చక్కెర మిల్లుకు చెరకు పండించే తోటల్లో ఒకదాన్లో ఆమెకు కలుపు తీసే పని ఇచ్చారు.

కూలీలు ఉండే లైనులో గదుల మధ్య గోడలు పైకప్పు దాకా ఉండవు. ఒక గదిలో దగ్గితే నాలుగో గదిలో వినిపిస్తుంది. ఎవరి మాటా ఎవరికీ దాగని ఆ చోట ఉండటం మొదట్లో పైడమ్మకు నరకంగా తోచింది. అయితే ఆమెకు మేలు జరిగింది కూడా ఆ పొట్టి గోడల వల్లనే. మూడో గదిలో ఉండే అప్పన్నకు చదువు వచ్చు. ఆదివారం మధ్యాహ్నాలు అతను మంచం మీద కూర్చుని పుస్తకం పైకి చదివేవాడు. ఆడవాళ్లు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ తమ గదుల్లోంచే వినేవారు.

ఆ పుస్తకాలు అప్పన్నవి కావు. నదికి అవతల వాయిలేవులో పెద్దన్న అనే ఆయన దగ్గరివి. పెద్దన్న 1903లో వచ్చి, గిర్మిట్ తీర్చుకుని, కౌలు భూమిలో చెరకు వేసుకుంటున్నాడు. మద్రాసు నుంచి తెప్పించిన పదకొండు తెలుగు పుస్తకాలు ఆయన ఇంట్లో కిరసనాయిలు డబ్బాలు వచ్చే చెక్కపెట్టెలో ఉండేవి. పశువుల వైద్యం, ఉత్తరాలు రాసే పద్ధతి, పాత పంచాంగాలు, కథలు. అవి ఎవరికైనా ఇస్తాడు, కాని తన రూళ్ల ప్రకారమే ఇస్తాడు. ఆ రూళ్లు అట్టముక్క మీద రాసి తలుపు పక్కన మేకుకు తగిలించాడు. సభ్యుడిగా చేరాలంటే చదువు వచ్చి ఉండాలి, పాత సభ్యుడొకడు పూచీ ఉండాలి. ఒక మనిషికి ఒక పుస్తకం, గడువు రెండు ఆదివారాలు. వేరెవరూ అడగకపోతే అదే పుస్తకం మళ్లీ తీసుకోవచ్చు. తీసుకున్నవాడే తెచ్చి ఇవ్వాలి తప్ప మరొకరి చేతికి ఇవ్వకూడదు. పేజీ పాడుచేసినవాడు ఆ పేజీని మంచి కాగితం మీద చేత్తో తిరగరాసి ఇవ్వాలి.

ఆ పదకొండింటిలో అప్పన్నకు ఒకటే ఇష్టం. తప్పిపోయిన అన్నను వెదుక్కుంటూ ఊరూరా తిరిగే ఒక చెల్లెలి కథ అది. మాటల మధ్య పాటలుంటాయి. దాన్ని అతను ఏడాదిలో ఐదుసార్లు తెచ్చాడు. గడ్డి పీకుతున్నప్పుడు పైడమ్మ పెదవుల మీద ఆ పాటలే ఆడేవి. పాటలే కాదు, మధ్యలో మాటలు కూడా ఒక్కటి పొల్లుపోకుండా ఆమెకు వచ్చేశాయి.

1912 చివర్లో ఒక గురువారం ఉదయం తోటలోని పదిమంది మగవాళ్లను సముద్రం దాటి పెద్ద దీవిలోని మరో తోటకు మారుస్తున్నామని చెప్పారు. అందులో అప్పన్న ఒకడు. మూట కట్టుకోవడానికి గంట సమయం ఇచ్చారు. అతను పుస్తకం తెచ్చి పైడమ్మ చేతిలో పెట్టాడు. ఆదివారానికి గడువు తీరిపోతుందని, ఏం చేసైనా పెద్దన్నకు అందించమని చెప్పి వెళ్లిపోయాడు. అతన్ని ఆమె మళ్లీ చూడలేదు.

ఆదివారం తెల్లవారగానే పైడమ్మ పుస్తకాన్ని తన రెండో చీరలో చుట్టి నెత్తిన పెట్టుకుంది. చెరకు బళ్లు నడిచే పట్టాల వెంట రెండు గంటలు నడిచింది. రేవులో పడవ నడిపే ఫిజీ ముసలాయన ఆమెను నది దాటించి, పెద్దన్న ఇల్లు ఎటో చేయి చూపించాడు.

పెద్దన్న పుస్తకం అందుకుని, ముందు పేజీలన్నీ తిప్పి చూసుకుని, తర్వాత ఆమె ముఖం చూశాడు.

"ఇది అప్పన్నకి కదా ఇచ్చినాను. నీ సేతికెలాగొచ్చింది?"

పైడమ్మ జరిగింది చెప్పింది. ఆయన విని, అలాగైనా రూలు తప్పినట్టేనన్నాడు. రిజిస్టరు తెరిచి అప్పన్న పేరు మీద గీత కొట్టాడు. ఆ గీతతో ఇక తమ లైనుకు పుస్తకం రాదని ఆమెకు అర్థమైంది. అప్పన్న స్థానంలో తన పేరు రాసుకోమని అడిగింది. చదువు వచ్చా అని ఆయన అడిగాడు. రాదంది.

"సదువు రానోల్లకి పుస్తకం ఏటికమ్మా?"

పైడమ్మ నిలుచున్న చోటే, పెద్దన్న చేతిలో ఉన్న ఆ కథను మొదటి వాక్యం నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పుస్తకం తెరిచి వేలు పెట్టి వరస వెంట వరస చూసుకుంటూ పోయాడు. మూడు పేజీలు తిప్పాడు. ఆమె ఎక్కడా తప్పలేదు. పాట వచ్చిన చోట సిగ్గుపడి ఆగిపోయింది.

అప్పుడే పశువుల వైద్యం పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి ఒకడున్నాడు. పేరు కిష్టయ్య. గిర్మిట్ తీరి పెద్దన్న పక్క భూమిలోనే చెరకు వేస్తున్నాడు. పైడమ్మను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పూచీకి ఎవరూ లేరు కదా అని పెద్దన్న అంటుండగా అతను అరుగు మీంచే అన్నాడు.

"నానుంటాను పూచీ. రాసుకో పెద్దన్నా."

పెద్దన్న రిజిస్టరు ముందుకు లాక్కుని రాశాడు. 'పైడమ్మ. పూచీ కిష్టయ్య. చదువు నేర్చుకొనుచున్నది.' రాసింది పైకి చదివి వినిపించి, ఆ ఆఖరి ముక్కను ఆరు నెలల్లో నిజం చేయాలని, లేకపోతే పేరు కొట్టేస్తానని చెప్పాడు. ఏ పుస్తకం కావాలని అడిగితే పైడమ్మ తను తెచ్చిన పుస్తకమే మళ్లీ అడిగింది.

మాటలన్నీ నోటికి వచ్చు కనుక ఏ పేజీలో ఏముందో తెలిస్తే అక్షరాలు పట్టుకోవచ్చని ఆమె ఆలోచన. మొదటి వాక్యం మీద వేలు పెట్టి పలికేది. పలికిన మాటకు, కళ్ల ముందు ఉన్న గుండ్రటి గుర్తులకు లెక్క కుదిరేది కాదు. రెండు ఆదివారాలకొకసారి వాయిలేవు వెళ్లినప్పుడు పెద్దన్న ఒక వరస అక్షరాలు నేల మీద పుల్లతో గీసి చూపించేవాడు. 'అన్న' అనే మాట పుస్తకమంతటా ఉంది. మొదట అది దొరికింది. దాని వెనకే 'అమ్మ' దొరికింది. ఒకరోజు చేలో కూర్చుని రొట్టె తింటూ 'మన్ను' అనే మాటను ఎవరూ చెప్పకుండా తనంతట తాను నేల మీద గీసింది. పక్కనున్న ఆడవాళ్లకు చూపిస్తే వాళ్లు నవ్వారు. ఆమె మాత్రం ఆ సాయంత్రం దాకా ఆ మాటనే దొరికిన చోటల్లా గీస్తూ పోయింది. అంత సంతోషం.

వానాకాలం ముదిరాక ఒక మధ్యాహ్నం గాలివాన కొట్టింది. పని నుంచి తడిసి వచ్చేసరికి గది పైకప్పు రేకు ఒకటి లేచిపోయి ఉంది. గూట్లో గుడ్డ చుట్టి పెట్టిన పుస్తకం మీదుగా నీళ్లు కారుతున్నాయి. గుడ్డ విప్పితే మధ్యలో రెండు ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే చినిగాయి. నాలుగు పేజీలు పోయాయి. కొన్ని చోట్ల సగం వాక్యాలు మిగిలాయి, కొన్ని చోట్ల తెల్ల కాగితం.

పైడమ్మ ఏడ్చింది. ఆ గదిలో ఉండే మిగతా ఇద్దరు ఆడవాళ్లు, ఇక వాయిలేవు వైపు పోవద్దని, నది దాటి వచ్చి అడిగేదెవరని అన్నారు. ఆమెకూ ఆ ఆలోచన రాలేదని కాదు. కాని ముక్కూ మొహం తెలియని తనకు కిష్టయ్య పూచీ ఉన్నాడు. అతని ముఖం తలుచుకుంటే దాచడానికి మనసొప్పలేదు. గడువు ఆదివారం నాడే బయలుదేరింది.

పెద్దన్న ఆ ఆకులను వేళ్లతో మెల్లగా విప్పి చూశాడు. ఆ పుస్తకం మూడు నెలలు ఓడల మీద వచ్చింది. కోప్పడతాడనుకుంటే కోప్పడలేదు. లోపలికి వెళ్లి నాలుగు కాగితాలు, సిరాబుడ్డి, కలం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నాకు రాయడం రాదన్నా."

"రూలు అందరికీ ఒకటే. నీకొక్కదానికి మాఫ్ సేస్తే రేపు అందరికీ సెయ్యాల." అంతవరకు గట్టిగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకో మాట కూడా ఉంది సూడు. ఇందులో సగం మాటలు పోయినాయి. ఈ దీవిలో ఇంకో పుస్తకం నేదు. పోయిన మాటలు నాకు తెల్దు, కిష్టయ్యకి తెల్దు. నీకే తెలుసు. నువ్వు రాయకపోతే ఆ కత ఇంక ఎవులికీ నేదు."

పైడమ్మ కలం పట్టుకుంది.

మొదటి రోజు ఒక వాక్యం రాసేసరికి పొద్దు తిరిగిపోయింది. అక్షరాలు కాగితం మీద బొంగరాల్లా దొర్లాయి. ఒక్కో గుర్తు వేలి గోరంత ఉంది. ఈ లెక్కన నాలుగు కాగితాలు ఎక్కడ చాలుతాయని ఆయన మరో పది కాగితాలు తెచ్చిపెట్టాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె వాయిలేవు వెళ్లేది. అరుగు మీద కూర్చుని నోటితో పలుకుతూ రాసేది. ఏ ఒత్తు ఎలా వేయాలో తెలియనప్పుడు పెద్దన్న పుల్లతో గీసి చూపించి మళ్లీ తన పనిలోకి పోయేవాడు. కిష్టయ్య అప్పుడప్పుడు వచ్చి, ఒక కొబ్బరిబోండం కొట్టి పక్కన పెట్టి వెళ్లేవాడు.

మూడు నెలల తర్వాత ఆ నాలుగు పేజీలు పదకొండు కాగితాలయ్యాయి. పెద్దన్న వాటిని పుస్తకంలో ఆ చోటే పెట్టి దారంతో కుట్టాడు. రిజిస్టరు తీసి, 'చదువు నేర్చుకొనుచున్నది' అన్న ముక్కను కొట్టేయమని పైడమ్మకే కలం ఇచ్చాడు.

అనుకోనిది తర్వాత జరిగింది. ఆ పుస్తకాన్ని తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అచ్చు అక్షరాలు చిన్నవిగా ఉండి కళ్లకు ఆనడం లేదని వదిలేసినవాళ్లు, చిన్నప్పుడెప్పుడో బడిలో నాలుగక్షరాలు నేర్చి మరిచిపోయినవాళ్లు పైడమ్మ రాసిన పెద్ద అక్షరాల దగ్గర మొదలుపెట్టేవారు. అక్కడ కుదురుకున్నాక అచ్చులోకి వెళ్లేవారు. ఆమె లైనులోనే రెండేళ్లలో ఐదుగురు అలా సభ్యులయ్యారు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లకు పూచీ పైడమ్మే.

1916లో ఆమె గిర్మిట్ తీరింది. కిష్టయ్య వచ్చి పెద్దన్న సమక్షంలో పెళ్లి మాట అడిగాడు. అడగడానికి నాలుగేళ్లు పట్టిందేమని పెద్దన్న నవ్వాడు. ఆమె ఒప్పుకుంది. వాయిలేవులో చెరకు, వరి, రెండు ఎడ్లు, ఒక కూతురు. పెళ్లయిన ఏడాది బొబ్బిలిలో ఉన్న అక్కకు తన చేతి రాతతో ఉత్తరం రాసింది. ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది. అక్క చెబితే ఊళ్లో పంతులు రాశాడు. ఉత్తరం నువ్వే రాశావంటే ఇక్కడ ఎవరూ నమ్మడం లేదని అందులో ఉంది. ఆ వాక్యాన్ని పైడమ్మ కిష్టయ్యకు నాలుగుసార్లు చదివి వినిపించింది.

1920లో మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. మరుసటి ఏడు పెద్దన్న చెల్లెలి పిల్లల్ని చూడాలని దేశానికి ప్రయాణం కట్టాడు. వెళ్లే ముందు పెట్టె, రిజిస్టరు పైడమ్మ ఇంటికి చేర్చాడు. చదువు రానివాళ్లను కూడా చేర్చుకోవచ్చని, పక్కన కూర్చుని నేర్పడానికి ఒక సభ్యుడు ఒప్పుకుంటే చాలని అట్ట మీద కొత్త రూలు ఒకటి రాసుకోవచ్చా అని ఆమె అడిగింది. నీ పెట్టె, నీ ఇష్టం అన్నాడాయన.

లబాసా రేవులో ఆయన్ను సాగనంపడానికి పాతికమంది వచ్చారు. ఆయన మూట అందుకుంటుండగా పైడమ్మ ఒక్క మాట చెప్పింది.

"అన్నా, ఆ నాలుగు పేజీలూ నువ్వు మాఫ్ సేసి ఉంటే నానింకా వేలిముద్రలే ఏసుకుందును."

పెద్దన్న ఆమె తల మీద చేయి పెట్టి, పడవ ఎక్కాడు.

ఏడు నెలల తర్వాత పోస్టాఫీసుకు ఆమె పేరు మీద ఒక కట్ట వచ్చింది. అందులో నాలుగు కొత్త పుస్తకాలు, ఒక ఉత్తరం ఉన్నాయి. క్షేమ సమాచారాలు రెండే రెండు వాక్యాలు. మిగతాదంతా పుస్తకాలకు చెదలు పట్టకుండా ఏ ఆకులు పెట్టాలో, గడువు దాటిన వాళ్లతో ఎలా మాట్లాడాలో. పైడమ్మ పోస్టాఫీసు వరండాలో నిలబడే చదివింది. నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే కిష్టయ్య ఆందోళనపడి ఏమైందని అడిగాడు. ఏమీ లేదని, ఆయన బాగున్నాడని చెప్పింది.

ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని తుడుచుకుని, నాలుగు పుస్తకాలనూ రిజిస్టరులోకి ఎక్కించింది. తర్వాత అందులో అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని తన కోసం పక్కకు పెట్టుకుని, కింది వరసలో తన పేరు రాసి, రెండు ఆదివారాల గడువు వేసుకుంది.