పలకరాతి నీడ

రిటైర్మెంటుకు రెండేళ్ళుండగా, ఒక డిసెంబరులో, పురావస్తు శాఖ నన్ను మార్కాపురం పంపింది. అప్పటికి నేను సంరక్షణ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరును. మా శాఖలో ఈ హోదా గలవాడు కొలుస్తాడు, డిప్యూటీ డైరెక్టరు సంతకం పెడతాడు, కమిటీ నిర్ణయిస్తుంది. కొలిచినవాడి అభిప్రాయం సాధారణంగా ఎవరికీ అక్కర్లేదు.

పని చిన్నదే. బజారు రోడ్డు వెడల్పు చేయడంలో ఒక మేడ ముందుగోడ కూల్చివేత గీత లోపలికి వచ్చింది. ఆ గోడ వెనక గదిలో ఇంటి యజమానురాలు లక్ష్మీదేవమ్మ హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నారు. గోడ పోతే దుకాణం పోతుంది. ఆమెకు వేరే ఆధారం లేదు. మేడను పోర్చుగీసువారు కట్టారని, వారసత్వ కట్టడంగా గుర్తించి వదిలేయమని ఆమె అర్జీ పెట్టుకున్నారు. అది నిజమో కాదో తేల్చడం నా వంతు.

“బుడతకీచోళ్ళు కట్టినారు సారూ. మా జేజినాయన చెప్పినాడు,” అన్నారామె. పోర్చుగీసువారిని మన పెద్దలు అలాగే పిలిచేవారు. వాళ్ళు సముద్రం వదిలి నల్లమల పక్కకు ఎందుకు వచ్చారని అడిగాను. ఈ ఊరి గనుల్లో దొరికే పలకల కోసమని తడుముకోకుండా చెప్పారు.

చూడ్డానికి మేడ ఆ బాపతుదే. ఐరోపాలో రినైజాన్స్, అంటే పునరుజ్జీవన కాలపు పట్టణ గృహాలకు ఒక పద్ధతి ఉంది. నడిమధ్య తలుపు, దానికి అటూ ఇటూ సమంగా కిటికీలు, వాటి మీద ముక్కోణపు రాతి తలకట్లు. పోర్చుగీసువారు దీనికి తెల్లటి సున్నం గోడను, కిటికీల చుట్టూ ముందుకు పొడుచుకొచ్చే రాతి చట్రాలను జోడించారు. ఇక్కడ అన్నీ ఉన్నాయి. గోవాలో నేను చూసిన ఇళ్ళలో కంటే ఎక్కువే ఉన్నాయి. అదే నాకు నచ్చలేదు.

సున్నం గీకితే లోపల ఈ ఊరి పలకల గనుల్లో పారేసే ముక్కలు, మధ్యలో సిమెంటు కనిపించాయి. ఇంటికి నూరేళ్ళు కూడా లేవు. ముందుగోడ దాటితే అదే మండువా, అదే ధాన్యం కొట్టు, మామూలు షావుకారు ఇల్లు. పోర్చుగల్ మొత్తం ఆ ఒక్క గోడ మందమే.

ఆ మాటే చెప్పాను. ఆమె తూస్తున్న మేకులు పళ్ళెంలోనే వదిలేశారు. “అయితే దుకాణం పోయినట్టేనా అన్నా?” అన్నారు. సారు కాస్తా అన్న అయ్యాక జవాబు చెప్పడం కష్టం. నాకు బాధ కలిగింది. దాన్ని రాసుకోవడానికి మా తనిఖీ ఫారంలో గడి లేదు. టీ తాగి వస్తానని రోడ్డు దాటాను.

ఎండ పడమటికి వాలింది. ఎదుటి నుంచి చూస్తే ప్రతి కిటికీకీ రెండు నీడలున్నాయి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. కళ్ళజోడు తుడుచుకుని చూసినా రెండే. వెళ్ళి తడిమాను. ఎడమ నీడ నున్నగా, చల్లగా తగిలింది. గోడలో పొదిగిన నల్ల పలకరాయి.

“అది ఎప్పుడూ అట్లనే ఉంటాదన్నా. ఏంది దాంట్లో?” అంటూ ఆమె లోపలి నుంచి ఒక పటం తెచ్చారు. పలకలు కొనే గోవా వ్యాపారి, ఈ మేడ కట్టించిన ఆమె తాత జేజినాయనకు ఇచ్చిన రంగుల బొమ్మ, పోర్చుగల్‌లోని ఒక ఇల్లు. బొమ్మలో ఎండ కుడి నుంచి పడుతోంది. ఉన్నది ఉన్నట్టు దించమని ఆయన మేస్త్రీకి చెప్పారట. ఈ సంగతి ఆమె అర్జీలో రాయలేదు. మేస్త్రీ నీడను కూడా దించాడు. పలకల ఊరు కాబట్టి నల్లరంగు కోసం వెతుక్కోలేదు.

నివేదికలో “పోర్చుగీసు ఇంటికి నకలు” అని రాసి, నీడల సంగతి కింద చేర్చాను. డిప్యూటీ డైరెక్టరు గారు నకలు దగ్గరే ఆగిపోయారు. నకలును కాపాడడం దేనికి, అసలును ఆ దేశంవాళ్ళు చూసుకుంటారు కదా అన్నారు. నేను వాదించలేదు. ఎలాగూ కమిటీ వచ్చి చూడాలి. ఎప్పుడు రావాలో ఖరారు చేసేది అసిస్టెంట్ ఇంజనీరే. వాళ్ళు పొద్దున వస్తామన్నారు. పొద్దున అసలు నీడ పలకరాతి నీడ మీదే కూర్చుంటుంది, ఎవరికీ ఏమీ కనిపించదు. బండి దొరకలేదని చెప్పి సాయంత్రానికి మార్చాను.

కమిటీ ఛైర్మన్ గారు చాలాసేపు చూసి, ఇందులో నిజం నీడ ఏదని అడిగారు.

“పొద్దు గూకినంక కూడా ఉండేది మాది సారూ,” అన్నారు లక్ష్మీదేవమ్మ.

గోడ నిలిచింది. రోడ్డు అక్కడ కొంచెం వంగుతుంది, లారీలవాళ్ళు తిట్టుకుంటారు. “పోర్చుగల్ చూడని మేస్త్రీ కట్టినది” అని తీర్మానంలో రాయించాను. దుకాణం బోర్డు మీద ఆమె బుడతకీచు మేడ అనే రాయించుకున్నారు.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. ఇంటి కొలతలు ఏ పూట తీసినా అవే వస్తాయి. ఆ ఇల్లు ఎందుకు ఉండాలన్నది మాత్రం ఏదో ఒక పూటే కనిపిస్తుంది. అధికారులను ఆ పూటకే తీసుకెళ్ళాలి.