సంచిలో చెయ్యి

మా బడిలో నా గదిని టీచర్లు రిసోర్స్ రూమ్ అనేవారు. పిల్లలు మాత్రం బుద్ధూ రూమ్, అంటే మొద్దుల గది, అనేవారు. అక్షరాలు తారుమారుగా కనబడే పిల్లలూ, అంకెలు చూస్తే గుడ్లు తేలేసే పిల్లలూ రోజుకో పీరియడ్ తమ క్లాసు వదిలి నా దగ్గరికి రావాలి. వాళ్ళకి అర్థమయ్యే దారిలో చదువు చెప్పడం నా ఉద్యోగం. దేశ రాజధానిలో, లక్ష్మీనగర్ మెట్రో స్టేషనుకి కూతవేటు దూరంలో ఉంది ఆ బడి. చుట్టూ కోచింగ్ సెంటర్లే, గోడలనిండా ర్యాంకులొచ్చినవాళ్ళ మొహాలే. అలాంటి చోట మూడో క్లాసు పిల్లకి చదవడం రాదంటే వీధి వీధంతా జాలిపడుతుంది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు నా దగ్గరికి రావలసిన పిల్ల మన తెలుగు పిల్లే. తల్లిది గుంటూరు, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పిల్లకి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలోనే చెబుతుంది. మాటల్లో మహా గడుసు. పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి. ఇంగ్లీషులో బి ఏదో డి ఏదో, బొజ్జ ఏ పక్కనుందో ఎంత చూసినా తేలేది కాదు.

మొదటిసారి నేను క్లాసు గుమ్మంలో నిలబడి పిలిచేసరికి వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. అంతే, ఆ పిల్ల బల్ల కాలు కావలించుకుని కింద కూర్చుంది.

"నహీ ఆనా ముఝే," అంది. రానంటే రాదట.

రాకపోతే ఊరుకునే వ్యవహారం కాదు. పెద్ద మేడం, అంటే మా హెడ్‌మిస్ట్రెస్, తల్లిని పిలిపించి మెత్తగానే చెప్పింది. దసరా సెలవుల్లోగా పిల్ల నా గదికి అలవాటుపడి ఎంతో కొంత చదివి చూపించాలి, లేదంటే వేరే బడి చూసుకోవడం మంచిదని. తల్లి తిన్నగా నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇప్పటికే రెండు స్కూళ్ళు మారాం మేడం. ఇంకో స్కూలంటే ఇది అన్నం తినటం కూడా మానేసిద్ది. మీరే ఎట్టయినా చూడాలండి."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపం వస్తే నాకు కొంటెతనం పుడుతుంది. మా గోదావరి వాళ్ళకి అదో జబ్బు.

ఆ శనివారం నా గది తలుపు అద్దానికి లోపల్నుంచి బ్రౌన్ పేపరు అంటించేశాను. సరోజినీనగర్ బజారులో గొంతు పోయేదాకా బేరమాడి తెచ్చిన ఎర్ర వెల్వెట్ గుడ్డని కిటికీకి పరదాగా కట్టాను. మిగిలిన ముక్కతో ఒక సంచి కుట్టి, అందులో చెక్క బిళ్ళలమీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, అడుగు ఎటో వేలికి తెలిసేలా కింద గాటు పెట్టి, పోశాను. తలుపుకి పెద్ద ఇత్తడి తాళం వేశాను. సోమవారం ప్రార్థన అయ్యాక, అందరూ చూస్తుండగా, ఆ తాళంచెవికి రిబ్బను కట్టి ఆ పిల్ల మెడలో వేశాను.

"ఇవాళ్టినుంచి గది తెరిచేది నువ్వే. నువ్వు రాకపోతే నేనూ బయటే నిలబడాలి," అన్నాను.

"సచ్చీ?" అంది, నిజంగానా అన్నట్టు.

"సచ్చీ."

వచ్చింది. ఆ నడక చూసి తీరాలి, కలెక్టరమ్మ తనిఖీకి వస్తున్నట్టే.

లోపల మేము చేసేది బ్రహ్మవిద్యేమీ కాదు. కళ్ళు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టాలి. దొరికిన అక్షరాన్ని తడిమి అదేమిటో చెప్పాలి. కళ్ళు మోసం చేసే పిల్లలకి వేళ్ళు సాయపడతాయి. మొదటిరోజు ఆ పిల్ల తప్పు చెప్పి చెయ్యి లాక్కోబోయింది. నేను సంచి మూతి పట్టుకున్నాను.

"తప్పయితే తప్పయింది. చెయ్యి మాత్రం తియ్యకు. ఇంకోసారి తడుము."

తడిమింది. తడమగా తడమగా బొజ్జ ఎటుందో వేలికి తెలిసింది. వేలికి తెలిసింది మెల్లగా పుస్తకంలోకీ వచ్చింది. కూడబలుక్కుంటూ చదవసాగింది, కడుపునొప్పి ఊసు లేకుండా.

గదికి ఒకటే షరతు పెట్టాను. లోపల ఏం చేస్తామో బయట చెప్పకూడదు. ఇంకేముంది, కిసుక్కుమన్నవాళ్ళంతా తలుపుసందుకి ముక్కులు ఆనించడం మొదలుపెట్టారు. అమ్మల వాట్సాప్ గ్రూపు అంటుకుంది. తలుపులు మూసి, కొద్దిమందినే పిలిచి, బయటికి పొక్కకుండా చెబుతున్నారంటే లక్ష్మీనగర్‌లో దానికి ఒకటే అర్థం. ఏరిన పిల్లలకి రహస్యంగా కోచింగ్ ఇస్తున్నారు!

నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అడిగినవాళ్ళకల్లా "అందరినీ తీసుకోమండీ," అన్నాను. నిజమే కదా.

ముందుగా పరిగెత్తుకొచ్చినాయన ఆ పిల్ల క్లాసులోనే ఫస్టు వచ్చే కుర్రాడి తండ్రి. ఆయనకి ఆ చుట్టుపక్కలే సొంత కోచింగ్ సెంటరుంది. పెద్ద మేడం గదిలో కూర్చుని నన్ను పిలిపించాడు.

"మా వాణ్ణి ఎందుకు తీసుకోలేదు? సెలెక్షన్ ఎలా చేస్తున్నారు?" అని హిందీలో నిలదీశాడు.

"ఇది చదవడం కష్టమైన పిల్లల కోసమండీ," అన్నాను.

ఆయన తెలిసినవాడిలా నవ్వాడు. "మేడమ్‌జీ, నాదీ ఇదే ధంధా. బయటికి మేమూ ఏదో ఒకటి చెబుతాం. ఎంట్రన్స్ పెట్టండి, పాసైతే తీసుకోండి."

పెద్ద మేడం పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "పెట్టండి, నేనూ వస్తాను," అంది. తర్వాత నా వైపు తిరిగి, "దసరా దగ్గరకొచ్చింది. ఆ పిల్ల సంగతి కూడా అక్కడే తేల్చేద్దాం," అంది. నా కొంటెతనమంతా ఎగిరిపోయింది.

మర్నాడు తాళం తీసింది మా పిల్లే. పెద్దవాళ్ళిద్దరూ చిన్న కుర్చీల్లో ఒదిగి కూర్చున్నారు. పరీక్ష పెట్టేది కూడా ఈ పిల్లే అని చెప్పాను. ముందు తను చేసి చూపించింది. కళ్ళు మూసుకుని "డి" అంది. తీస్తే డీయే. "పి" అంది. పీయే. మరోసారి చెయ్యి పెట్టి ఆగిపోయింది. మళ్ళీ తడిమి "బి" అంది. బీయే. పెద్ద మేడం బల్లమీది కథలపుస్తకం అందిస్తే వేలు పెట్టుకుని, నత్తనడకన, పేజీ మొత్తం చదివింది. పెద్ద మేడం పుస్తకం మూసింది.

తర్వాత కుర్రాడి వంతు. తెలియని ప్రశ్న అనేది వాడికి ఎప్పుడూ ఎదురుకాలేదు. ధీమాగా "బి" అన్నాడు. తీస్తే డి. "డి" అన్నాడు. తీస్తే పి. చెవులు ఎర్రబడ్డాయి. "ధ్యాన్ సే, బేటా!" జాగ్రత్తగా చూడమని తండ్రి కసిరాడు. వాడు మళ్ళీ సంచిలో చెయ్యి పెట్టాడు.

ఆ రోజు వెనక బెంచీలో కిసుక్కుమన్నవాళ్ళలో వాడూ ఉన్నాడు. బదులు తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. నేనైతే తీర్చుకునేదాన్నే.

"ఏమంటావ్? పాసా, ఫెయిలా?" అని మా పిల్లని అడిగాను.

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఇస్కో నహీ ఆతా," అంది. నా బుర్రకి ఎక్కలేదనుకుందో ఏమో, తెలుగులోకి దిగింది. "వీడికి తెలీట్లే మేడం. తెలీనోళ్ళకే కదా ఈ రూము. ఉండనీండి."

నేను కాగితాలు అంటించి, పరదాలు కట్టి దాచిందంతా తనకి ఎప్పటినుంచో తెలుసు. తెలిసే, ఆ తాళంచెవి మెడలో వేసుకుని దర్జాగా తిరిగింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మీవాణ్ణి ఉండనిమ్మంటోందని కుర్రాడి తండ్రికి హిందీలో చెప్పాను.

"అంటే, సెలెక్ట్ అయినట్టేనా?" అంటూ ఆయన లేచి నాకు రెండు చేతులూ జోడించాడు.

పెద్ద మేడం ఆయన్ని పట్టించుకోలేదు. "వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యండి. వేరే బడి వెతకక్కర్లేదని చెప్పండి," అంది నాతో.

ఈలోగా కుర్రాడు కళ్ళనీళ్ళతో సంచిలోంచి చెయ్యి లాక్కోబోయాడు. మా పిల్ల గబుక్కున సంచి మూతి పట్టుకుంది. మొదటిరోజు నేను తనతో అన్నమాటే వాడికి హిందీలో చెప్పింది.

"గలత్ హువా తో హువా. హాథ్ మత్ నికాల్."

వాడు తియ్యలేదు.