వడ్రంగి కట్టిన మరుగుదొడ్డి

ఆ వీధి చివరి వడ్రంగికి మాటలు తక్కువ. అతని బావమరిది మరుగుదొడ్ల ట్యాంకులు తోడే లారీ నడిపేవాడు. ఒకరోజు సాయానికి మనిషి రాకపోవడంతో బావని వెంటబెట్టుకెళ్లాడు. ట్యాంకులు తోడటం అయ్యాక, ఊరి బయట వాగు గట్టున లారీ ఆపి గొట్టం నీళ్లలోకి వదిలాడు.

"మనం తాగేది ఈ వాగు నీళ్లేనా?" అని వడ్రంగి అడిగాడు.

"ఇక్కడివి కాదు బావా. ఇంకాస్త కింద తోడతారు."

వడ్రంగి ఆ పూట ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. మర్నాడు దాహం ఆగక తాగేశాడు గానీ, మనసు కుదుటపడలేదు.

తర్వాత కలప చూడటానికి అడవికి వెళ్లినప్పుడు అతని చూపంతా నేలమీదే ఉంది. పందులూ దుప్పులూ తిరిగే చోటు, అయినా వాసన లేదు. పేడ మీద ఆకులు రాలాయి. వాటికింద పురుగులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. అడుగున నల్లటి మట్టి. లారీని పిలిచినవాళ్లెవరూ ఉన్నట్టు లేరు.

తిరిగొచ్చి పెరట్లో గుంట మీద మరుగుదొడ్డి కట్టాడు. కడుక్కున్న నీళ్లు వేరే గొట్టంలో పోతాయి. వెళ్లినవాళ్లు రంపపు పొట్టు చల్లి రావాలి. మొదట్లో పిడికెడు చాలన్నాడు. వారం తిరక్కుండానే వీధి వీధంతా ముక్కు మూసుకుంది. భార్య తనకి కోపమేమీ లేదనీ, ముక్కే ఒప్పుకోవడం లేదనీ చెప్పి, లారీ నడిపే తమ్ముడింటికి వెళ్లిపోయింది.

అతను మళ్లీ అడవికి వెళ్లి చూశాడు. ఆకులు రాల్చడంలో చెట్లు పిసినారితనం చూపించడం లేదు. ఈసారి పొట్టూ ఎండుటాకులూ మందంగా కప్పాడు. వాసన పోయాక వెళ్లి భార్యని పిలుచుకొచ్చాడు. ఆమె పెరట్లో నిలబడి గాలి పీల్చింది.

"సరే, ఉంటాను. ఆ మట్టి కూరపాదులకి మాత్రం వెయ్యకండి," అంది.

వెయ్యనన్నాడు. మాటల్లో మాటగా వాగు సంగతి కూడా చెప్పాడు. ఆమె చెప్పులేసుకుని మళ్లీ తమ్ముడింటికి వెళ్లింది.

"ఇన్నాళ్లూ ఆ నీళ్లేనారా మాచేత తాగించావు?"

తమ్ముడు లారీ తాళాలు వెతుక్కున్నాడు.

ఆ తర్వాత వాగుకీ బావులకీ దూరంగా ఉన్న బీడులో బావా బావమరుదులు కందకాలు తవ్వారు. లారీ ఖాళీ చేయడం, పైన ఆకులు కప్పడం, ఏళ్ల తరబడి మాగనివ్వడం, ఆపైన కలప మొక్కలు నాటడం. దూరాభారమని బావమరిది ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు. మధ్యాహ్నం మాత్రం లారీ అక్కడే ఆపి, ఆ చెట్ల నీడలో ఓ కునుకు తీసి వస్తాడు.