మ్యూజియంలో కుట్టించిన బొంత

అరవైలు మొదలైన కాలంలో నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని. పెళ్ళి కాలేదు. నాయన పోయాక అమ్మా నేనూ ఒక గది ఇంట్లో ఉండేవాళ్ళం. స్కూల్లో నా పని పిల్లలకు మామిడికాయ, కూజా, గొడుగు గీయడం నేర్పడం. ఆ పని చేస్తూనే, పెద్ద చిత్రకారిణిని కావలసినదాన్ని ఇక్కడ పడి ఉన్నానని లోపల అనుకునేదాన్ని. తర్వాత నేను చేసినదానికి మూలం అదే కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మా టౌన్లో ఒక పాత బంగళాలో చిన్న మ్యూజియం ఉండేది. నాలుగు వీరగల్లులు, తుప్పుపట్టిన కత్తులు, ముక్కులు పోయిన విగ్రహాలు, ఒక పులితోలు. జనం వచ్చేది చాలామటుకు ఎండ తప్పించుకోవడానికే. దాన్ని చూసుకునే ఆఫీసరు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. పైకప్పు కారుతోందని ఆయన రాసిన కాగితాలకు జవాబు వచ్చేది కాదు. అలాంటప్పుడు పట్నంలో ఒక ధర్మనిధి వాళ్ళు మతి చెడినవాళ్ళ చేత బొమ్మలు చేయించే మ్యూజియాలకు డబ్బు ఇస్తున్నారని ఆయన చెవిన పడింది. మా టౌన్లో ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో పిచ్చివార్డు ఉండనే ఉంది. అర్జీ పెట్టాడు, డబ్బు మంజూరైంది. మొదటి విడతతో పైకప్పు బాగైంది. మిగిలినదాంతో రంగులు, కాగితాలు, కుమ్మరి మట్టి కొన్నారు. వారానికి మూడు మధ్యాహ్నాలు నన్ను పిలిపించుకున్నారు.

వార్డు ఆయా నలుగురిని నడిపించుకుని తెచ్చేది. ముగ్గురు వచ్చి కాగితాల మీద ఏవో గీతలు గీసి, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. నాలుగో మనిషి కొత్తచెరువు దగ్గరి పల్లెనుంచి వచ్చిన దూదేకుల ఆమె. ముప్పై ఏళ్ళుండవచ్చు. మొగుడు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగితే, ఈమె ఇంట్లో పరుపులూ బొంతలూ కుట్టేది. వానలు ఎగ్గొట్టిన ఏడు, ఎండిన బావి అడుగున చెలమ తోడడానికి కొడుకుని వెంటబెట్టుకుని దిగింది. పైనుంచి గడ్డ విరిగి పిల్లవాడి మీద పడింది. ఆ తర్వాత ఆమె ఎక్కడ మట్టి కనబడితే అక్కడ చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. వాకిళ్ళు తవ్వింది, పక్కింటివాళ్ళ పొయ్యిగడ్డ తవ్వింది. మరుదులు మంచానికి కట్టేశారు. దర్గాలో నలభై రోజులు పెట్టారు. చివరికి మొగుడు ఎడ్లబండిలో తెచ్చి వార్డులో వదిలాడు.

మట్టి సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు ఆమె ముందు తడిమట్టి ముద్ద పెట్టి, "ఏదైనా బొమ్మ చెయ్యమ్మా" అన్నాను. ఆమె దాన్ని తవ్వింది. ముద్ద అయిపోయాక కింది పలక గీరింది. గోళ్ళలోంచి రక్తం వచ్చేదాకా ఆయా చూస్తూనే ఉంది, తర్వాత వీపున ఒకటి చరిచి లేపింది.

రంగులిస్తే ముట్టుకోలేదు. రెండు వారాలు ఊరికే కూర్చుంది. ఒకరోజు నా చీర అంచు ఊడి వేలాడుతుంటే చూసి, మొదటిసారి మాట్లాడింది.

"టీచరమ్మా, సూది ఉంటే ఈండి. కుడతా."

వార్డువాళ్ళకు సూదులివ్వకూడదని ఆయా అరిచింది. ఆయా పక్కకు తిరగ్గానే నా సంచీలోంచి తీసి ఇచ్చాను. అంచు కుట్టింది. ఆ కుట్టు దగ్గరగా పట్టుకుని చూశాను. గీత గీసినట్టుంది. మర్నాడు ఇంట్లో ఉన్న పాత చీరలూ పేలికలూ మూటగట్టి తెచ్చి ఆమె ముందు పోశాను.

సూదికి నాదే పూచీ అని ఆయాను ఒప్పించాను. అలా బొంత మొదలైంది. నేను ఒక్క మాట చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎర్రచీర ముక్కలతో నేల పరిచింది. దాని మీద తెల్లదారంతో సాళ్ళు దున్నినట్టు కుట్టుకుంటూ పోయింది. ఒక పక్క డొక్కలు తేలిన ఎద్దు. నడుమ నల్లగుడ్డ మీద నల్లగుడ్డ గుండ్రంగా వేసుకుంటూ పోయి బావి చేసింది. బావి పూర్తయిన రోజు, కొంగు ముడి విప్పి అరచేయంత పసుప్పచ్చ పీలిక తీసింది. పిల్లవాడి చొక్కాది. వార్డులో ఇన్నాళ్ళు దాన్ని ఎలా కాపాడుకుందో తెలియదు. దాన్ని నల్లటి నడిమధ్యలో పెట్టి, చుట్టూ మూడు వరసలు కుట్టింది. కుడుతున్నంతసేపూ చుక్క కన్నీరు లేదు.

ఆ తర్వాత ఆమె తవ్వడం మానేసింది. అన్నం కలుపుకుని తినేది. తల దువ్వుకునేది. తక్కిన ముగ్గురికీ టీ గ్లాసులు అందించేది. ఒకరోజు నాతో అంది: "నా బిడ్డ ఏడేండ్లది టీచరమ్మా. నా అత్త కాడ ఉండాది. పేన్లు చూసే దిక్కు ఉండాదో లేదో. నన్నెప్పుడు పంపిస్తారు?"

వారానికొకసారి డాక్టరు వచ్చేవాడు. ఆమెతో పావుగంట మాట్లాడి, మా ఇద్దరి ముందే అన్నాడు: "ఈమెకు ఇంక ఈడ పని లేదు. ఇంటికి పంపొచ్చు."

ఆఫీసరు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

"ధర్మనిధి వాళ్ళు వచ్చే నెల చూడ్డానికి వస్తున్నారండీ," అన్నాడు. "చూపించడానికి నాకున్నది ఈమె ఒక్కతే. ఒక్క నెల ఆగండి. డబ్బు ఆగిపోతే ఆ ముగ్గురికీ ఈ నీడ కూడా ఉండదు."

డాక్టరు నా వైపు చూశాడు. "ఏమమ్మా, నువ్వేమంటావు?"

నాకు ఆ ధర్మనిధి డబ్బు మీద అంత ఆశ లేదు. కానీ బొంతలో కింది కుడిమూల ఇంకా ఖాళీగా ఉంది. నా జీవితంలో నా కళ్ళముందు పుడుతున్న ఒకే ఒక గొప్ప పని అది. అది పూర్తి కావాలి. పల్లెకు పోతే ఆ మూల ఎప్పటికీ పూర్తి కాదు.

"ఒక్క నెలే కదండీ," అన్నాను.

రెండు వారాలకు మొగుడు వచ్చాడు. మ్యూజియం గేటు బయట ఎండలో నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆఫీసరు నన్ను కూడా పిలిచాడు.

"మా ఊరాయన ఆస్పత్రికొచ్చి ఈమెను చూసినాడంట సారూ," అన్నాడతను. "బాగైంది, మాట్లాడతాండాది అన్యాడు. తోలకపోదామని వచ్చినా."

"ఇంకా నయం కాలేదయ్యా. నిన్న కూడా నేల తవ్వింది," అన్నాడు ఆఫీసరు.

అతను ఆఫీసరు మాట నమ్మినట్టు లేదు. నా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా? మా అమ్మ ముసిల్దైపాయె. ఇంట్లో ఆడదిక్కు లేదు. పెద్దోళ్ళు ఇంగొక నిఖా చేసుకోమని కూసున్యారు. ఈమె బాగైతాదంటే నేను వాళ్ళ మాట ఇనను. మీరు చెప్పండి."

నలభై అడుగుల దూరంలో, కిటికీ అవతల, ఆమె తల వంచుకుని కుట్టుకుంటోంది. గట్టిగా పిలిస్తే వినబడేది.

"ఇంకా చాలా రోజులు పడుతుందయ్యా," అన్నాను.

అతను తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. తర్వాత ఒక చిన్న గళ్ళగుడ్డ మూట నా చేతిలో పెట్టాడు. "శెనిక్కాయలు, బెల్లం. ఆమెకీండి." వెళ్ళిపోయాడు.

మూట ఇస్తే ఆమె విప్పలేదు. ముడి వేలితో తడిమింది. "ఇది మా ఇంటి గుడ్డ. ఎవరొచ్చినారు?"

"ఎవరూ రాలేదు. ఆయా ఇచ్చింది," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. శెనిక్కాయలు ఆ ముగ్గురికీ పంచింది. గళ్ళగుడ్డను ఉతికి ఆరేసి, మూడోరోజు బొంత కింది మూలలో కుట్టేసింది. బొంత పూర్తయింది. ఆ రోజు నేను ఇంటికి పోయి అమ్మకు పాయసం చేసి పెట్టాను. అంత సంతోషంగా ఉన్నాను.

ధర్మనిధి నుంచి ఒక పెద్దాయన, ఒక పెద్దింటావిడ కార్లో వచ్చారు. హాల్లో కత్తులు తీసేసి బొంతను గోడకు బిగించాం. ఆమెకు కొత్త చీర కట్టించి, దాని పక్కనే ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాం. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"నీటుగా ఉంది. కానీ ఇలాంటి బొంతలు ప్రతి పల్లెలోనూ కుడతారు గదా. ఇందులో పిచ్చి ఏది? ఈమెను చూస్తే మనలాగే ఉంది," అన్నాడు.

ఆవిడ కూడా చేతి గడియారం చూసుకుంది. ఆఫీసరు మొహం పాలిపోయింది. బొంత దగ్గరికి వెళ్ళి బావి మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటో చెప్పమ్మా."

"బాయి సారూ."

"ఇందులో ఏమైంది?"

"గడ్డ విరిగి పడె. నా కొడుకు సచ్చిపాయె." మామూలుగా చెప్పింది, మనం ఊరి సంగతి చెప్పినట్టు.

"ఈ పచ్చది?"

"వాని చొక్కా."

"అప్పుడు నువ్వేం చేశావు? ఎలా తవ్వావు? చేతులతో చూపించు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అదంతా అయిపాయె సారూ. ఇప్పుడెందుకు?"

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన గోటితో ఆ పసుప్పచ్చ పీలిక అంచు పట్టుకుని లాగాడు. మూడు వరసల కుట్టు. వెంటనే రాలేదు. జేబులోంచి చిన్న చాకు తీసి దారం తెంపి, మళ్ళీ లాగాడు. పీలిక ఊడి వచ్చింది. దాన్ని ఆమె కళ్ళముందు ఊపుతూ, "ఇది ఎవరిది? ఎక్కడున్నాడు వాడు? ఎక్కడ?" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

ఆమె పీట మీద నుంచి జారి నేల మీద పడింది. నాపరాళ్ళ సందులు గీరడం మొదలుపెట్టింది. అరిచింది. అలాంటి అరుపు నేను మళ్ళీ వినలేదు. గోళ్ళు విరిగిపోయాయి. కొత్త చీర ఊడిపోయింది. ఆయా, వాచ్‌మన్ కలిసి కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకెళ్ళారు.

పెద్దింటావిడ కళ్ళు తుడుచుకుంది. "అబ్బ, ఇప్పుడు అర్థమైందండీ ఆ బొంత," అంది. పెద్దాయన ఆఫీసరు చేయి పట్టుకుని, మీరు చేస్తున్నది పుణ్యకార్యం అన్నాడు. ఇంకో మూడేళ్ళకు సరిపడా డబ్బు మంజూరైంది.

పీలికను మళ్ళీ అతికించి బొంతకు అద్దాల చట్రం కట్టించారు. కింద చీటీ కావాలన్నారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకే చెప్పారు. "ఒక పిచ్చిదాని చేతిపని" అని రాశాను. ఆమె పేరు రాయమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

ఆమె మళ్ళీ మనిషి కావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈసారి సూదీ లేదు, గుడ్డా లేదు. మ్యూజియానికి తీసుకురాలేదు. ఆలోపు మొగుడు నిఖా చేసుకున్నాడు. చిలమత్తూరులో ఉన్న చెల్లెలు వచ్చి తీసుకుపోయిందని ఆయా చెప్పింది. బిడ్డను మాత్రం తండ్రి పంపలేదంట.

అరవైల చివర్లో అమ్మ పోయింది. ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో, ఎవరికీ చెప్పకుండా, హిందూపురం మీదుగా చిలమత్తూరు పోయాను. పరుపులు కుట్టే దూదేకుల ఆమె అంటే పిల్లలు ఇల్లు చూపించారు. గడప లోపల పరుపు మీద కూర్చుని పెద్ద సూదితో టాకాలు వేస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. రా, కూర్చో అనలేదు.

నిలబడే చెప్పాను. డాక్టరు పంపమన్న సంగతి, గేటు దగ్గరికి ఆమె మొగుడు వచ్చిన సంగతి, నేనేం చెప్పానో అది.

ఆమె టాకా పూర్తి చేసి దారం పంటితో తెంపింది.

"తెలుసు. ఆ మూట ముడి చూసినప్పుడే తెలిసె. మా ఇంటాయన ముడి అట్లే ఏస్తాడు."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే మీరు సూది తీసుకుంటారని భయపడితి."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, ఓదార్చలేదు. సూదికి మళ్ళీ దారం ఎక్కించి అంది: "ఏడ్చేదుంటే మీ ఇంట్లో ఏడ్చండి టీచరమ్మా. ఈడ దూదికి తడి తగుల్తాది. నాకు పని ఉండాది. బస్సు టైమాయె, పోండి. ఇంగ రాకండి."

బయటికి వచ్చాను. బస్సు ఆ రోజు గంటన్నర ఆలస్యం. ఆ వీధిలో ఆమె ఇంటి గోడకు తప్ప ఇంకెక్కడా నీడ లేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల ఆమె కుడుతూనే ఉంది, పరుపు తిప్పినప్పుడు దుమ్ము గడపలోంచి నా మీదికి వస్తోంది. నేను అక్కడ ఉన్నానని ఆమెకు తెలుసు. తలుపు వేయలేదు, పిలవలేదు.