మేడంతా ఒకే సాయంత్రం రాసుకున్న మందు

నర్సింగ్ చదివి మా కోస్తా జిల్లాల నుంచి ఢిల్లీ వచ్చిన అమ్మాయిల్లో చాలామంది ఐసీయూ గురించో, ఆపరేషన్ థియేటర్ గురించో చెప్పుకుంటారు. నాకు మాత్రం దక్షిణ ఢిల్లీలోని ఒక ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీడీ ఇచ్చారు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఎవరైనా "ఏ వార్డు సిస్టర్?" అని అడిగితే, మొదట్లో "ఓపీడీ" అని ఊరుకునేదాన్ని. దేని ఓపీడీ అని అడగకముందే మాట మార్చేసేదాన్ని. గజ్జి, తామర, సోరియాసిస్ అని పెదవి విప్పి చెప్పడానికి నాకే నామోషీగా ఉండేది.

ఆ నామోషీ ఒక్కరోజులో పోలేదు. పని చేతికి అబ్బేకొద్దీ కొంచెం కొంచెంగా పోయింది. మా దగ్గరికి వచ్చేవాళ్లకి ప్రాణభయం తక్కువ, పరువు భయం ఎక్కువ. డాక్టర్ మేడమ్ చూసి చీటీ రాస్తారు. ఆ తర్వాత వాళ్లు నా బల్ల దగ్గరికి వస్తారు. మందు ఎంత తీసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడి దాకా రాయాలి, తడి ఒంటి మీదా పొడి ఒంటి మీదా, ఎన్ని రోజులు ఆపకూడదు, ఇవన్నీ చెప్పేది నేనే. దురద ఉన్నచోట మాత్రమే ఇంత పులిమి "మందు పని చెయ్యలేదు" అని తిరిగొచ్చేవాళ్లు ఎంతమందో. మంచి మందు కూడా రాసే పద్ధతి తెలియకపోతే ఓడిపోతుంది. ఆ పద్ధతి నేర్పడమే నా ఉద్యోగం.

రెండేళ్ల కిందటి చలికాలంలో ఒకమ్మాయి మూడోసారి నా బల్ల ముందు కూర్చుంది. కటవారియా సరాయ్‌లో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. ముందు రెండుసార్లూ నాతో హిందీలోనే మాట్లాడింది. చేతులకి ఎప్పుడూ ఉన్ని గ్లవ్స్. అవి తీస్తే వేళ్ల సందుల్లో సన్నటి పొక్కులు, గోకిన గీతలు. గజ్జి. మందు రాసిన వారం తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఆ రోజు చీటీ చేతిలో పట్టుకుని తనలో తనే "ఇగ నాతోని కాదు" అనుకుంది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

తెలుగు వినేసరికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కరీంనగర్ దగ్గర పల్లె అని చెప్పింది.

"క్రీము సరిగ్గా రాసుకున్నావా?"

"మీరు చెప్పినట్టే రాసిన సిస్టర్. మెడ కాంచి అరికాళ్ల దాంక."

"నీ రూములో మిగతావాళ్లు?"

ఆమె తల వంచుకుంది. "వాళ్లకు చెప్పలే."

"మరెలా తగ్గుద్దమ్మా? ఇది కంటికి ఆనని పురుగు. ఒంటి మీద చర్మంలో దూరి ఉంటది. నీ ఒంటి మీద చచ్చినా పక్కవాళ్ల ఒంటి మీద బతికే ఉంటది. ఒకే మంచం, ఒకే రజాయి అయితే వారంలో మళ్లీ నీ మీదికి వచ్చేస్తది. అందరూ ఒకేసారి రాసుకోవాలి."

"చెప్తె నన్ను రూములకెళ్లి ఎల్లగొడ్తరు సిస్టర్. ఓనర్ ఆంటీకి తెలిస్తె బిల్డింగుల్నే ఉండనియ్యది. పరీక్షకు నాలుగు నెల్లే ఉన్నయి."

ఆ పిల్ల వెళ్లాక నేను ఓపీడీ రిజిస్టరు తిరగేశాను. ఆ నెలలోనే అదే గల్లీ నుంచి, అదే ఇంటి నంబరుతో ఇంకో ఇద్దరు గజ్జికి వచ్చి వెళ్లారు. ఒకరికొకరు తెలియకుండా, ఒకే మేడలోంచి. మేడమ్‌కి చూపించి, ఆ ఇంటికి వెళ్లి అందరికీ చెప్పి రానా అని అడిగాను. "జాయియే సిస్టర్", వెళ్లండి అన్నారు. కానీ ఎవరి పేరూ బయటికి రాకూడదన్నారు. ఆ ఇంట్లో వాళ్లంతా శనివారం వస్తే అందరినీ ఒకేసారి చూసి మందు రాస్తానని మాటిచ్చారు.

మర్నాడు డ్యూటీ దిగి, మూడింటికి ఆ ఇంటికి వెళ్లాను. జిరాక్సు షాపుల మధ్య సన్నటి గల్లీ, మూడంతస్తుల మేడ. కింద వాటాలో ఓనరమ్మ కుటుంబం, పై అంతస్తుల్లో ఇరవై ఇద్దరు ఆడపిల్లలు. గల్లీలోకి ఎండ రాదు కాబట్టి అందరూ డాబా మీదే ఉన్నారు. ఓనరమ్మ చాప మీద కూర్చుని బఠానీలు వలుస్తోంది. ఒళ్లో రెండేళ్ల మనవడు. కొందరు పిల్లలు తల ఆరబెట్టుకుంటున్నారు. మా కరీంనగర్ అమ్మాయి పిట్టగోడ దగ్గర పుస్తకం పట్టుకుని, నన్ను చూసి బిగుసుకుపోయింది. నేను ఆమె వైపు చూడలేదు.

నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. ఓనరమ్మ మొహం ముడుచుకుంది.

"హమారే ఘర్ మే యే సబ్ నహీ హోతా. మా ఇంట్లో ఇలాంటివి రావు. రెండు పూటలా ఫినాయిలు వేసి తుడిపిస్తాను. అది మురికివాళ్లకి వచ్చే రోగం." సగం హిందీ, సగం హర్యాణా యాస. వెళ్లు అన్నట్టు చెయ్యి ఊపింది.

శుభ్రతకీ దీనికీ సంబంధం లేదని చెప్పబోయాను. ఓపీడీలో వందసార్లు చెప్పిన మాటే. కానీ ఆవిడ వినే స్థితిలో లేదు. అప్పుడు నాకే తెలియకుండా ఇంకో మాట బయటికొచ్చింది.

"మాజీ, ముఝే భీ హుయీ థీ." నాకూ వచ్చిందమ్మా అని.

ఆ సంగతి నేను అప్పటిదాకా బయటివాళ్లెవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఓపీడీకి మారకముందు వార్డులో, మంచం పట్టిన ఒక ముసలాయనకి ఒళ్లు తుడిచేదాన్ని. ఆయన దగ్గర్నుంచి నాకు అంటుకుంది. నర్సుని అయ్యుండి ఎలా చెప్పుకోవడమని దాచాను. నా నుంచి మా ఆయనకి, ఇద్దరి నుంచి ఎనిమిది నెలల మా పాపకి. పాప నిద్రపోక ఏడుస్తుంటే పళ్లొస్తున్నాయని సర్దిచెప్పుకున్నాను. చివరికి ఆ లేత అరికాళ్ల మీద పొక్కులు చూశాక గానీ నాకు బుద్ధి రాలేదు. ఇదంతా ఆ డాబా మీద, ముక్కూ మొహం తెలియని అంతమంది ముందు, నాకొచ్చిన హిందీలో చెప్పేశాను.

ఓనరమ్మ చేతుల్లో బఠానీ కాయ ఆగిపోయింది. ఆవిడ మనవడి చెయ్యి పట్టుకుని నా ముందుకి చాపింది. "పది రోజులుగా గోక్కుంటున్నాడు. చలికి పొడిబారిందేమో అనుకున్నాం. దేఖో."

మణికట్టు దగ్గర, వేళ్ల సందుల్లో, అదే. నేను తలూపాను.

అప్పుడు పిట్టగోడ దగ్గర్నుంచి మా అమ్మాయి లేచి వచ్చింది. గ్లవ్స్ రెండూ తీసేసింది. "ఆంటీజీ, ముఝే భీ హై. తీన్ మహీనే సే," అంది. మూడు నెలలుగా తనకీ ఉందని. చాపిన చేతులు వెనక్కి తీసుకోలేదు. నేను ఆమె పేరు దాచడానికి అంత జాగ్రత్తపడితే, తనే అందరి ముందూ నిలబడింది. ఆ క్షణం నాకు ఆ పిల్లని చూసి కలిగినంత గర్వం, మా పాప బడిలో బహుమతి తెచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆమె వెనకే ఇంకొకతె స్వెటరు చెయ్యి పైకి లాగింది. తర్వాత ఇంకొకతె. ఓనరమ్మ వాళ్లందరినీ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా తన నడుము తడుముకుంది. "నేను ఉన్ని లంగా గుచ్చుతోందనుకున్నాను," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడా నవ్వింది.

శనివారం ఓపీడీకి అందరూ వచ్చారు. లైనులో ముందు ఓనరమ్మే. మేడమ్ ఒక్కొక్కరినీ విడివిడిగా చూసి చీటీలు రాశారు. ఆదివారం సాయంత్రం నేను మళ్లీ ఆ మేడకి వెళ్లాను. అందరి గోళ్లూ కత్తిరించుకోమన్నాను. చెవుల వెనక నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, ఎక్కడా వదలకుండా రాయాలని, చేతులు కడిగితే మళ్లీ రాసుకోవాలని చెప్పాను. వీపు ఎవరికి వారు రాసుకోలేరు కాబట్టి ఇద్దరిద్దరిని జత చేశాను. ఓనరమ్మ కోడలు బాబుకి రాస్తూ కింద ఉండిపోయింది. ఓనరమ్మ వీపుకి రాయడానికి మిగతావాళ్లు జంకుతుంటే, మా కరీంనగర్ అమ్మాయే క్రీము తీసుకుని ఆవిడ వెనక కూర్చుంది.

పొద్దున్నే అందరూ వేడినీళ్ల స్నానం చేశారు. ఒంటి మీది బట్టలు, దుప్పట్లు మరగబెట్టిన నీళ్లలో వేశారు. ఉతకడానికి వీలుకాని రజాయిలు పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి వారం పాటు పక్కన పెట్టారు. ఆ వారానికి ఓనరమ్మ తన ట్రంకు పెట్టెలోని రజాయిలు తీసి ఇచ్చింది. వచ్చే ఆదివారం ఇంకోసారి రాసుకోవాలని ముందే చెప్పి ఉంచాను.

నాలుగో రోజు ఆ అమ్మాయి ఫోను చేసింది. "సిస్టర్, ఇంక దురద పెడ్తనే ఉన్నది. పోలేదా?"

"పురుగు పోయినా చర్మం కోపం రెండు మూడు వారాలు ఉంటదమ్మా. కంగారుపడి షాపులో ఏదో ట్యూబు కొని పూసుకోకు. కొత్త పొక్కులు వస్తే చెప్పు."

కొత్తవి రాలేదు. నెల తర్వాత ఆ అమ్మాయి ఒట్టి చేతులతో వచ్చింది. మేడమ్ ఆ చేతుల్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, "సాఫ్" అన్నారు. ఆమె చీటీ మీద అలా రాయించుకుని, ఆ చీటీ నాకు చూపించి మరీ వెళ్లింది. ఆ ఏడు మొదటి పరీక్ష గట్టెక్కింది, రెండోది పోయింది. ఈ ఏడు మళ్లీ రాస్తోంది.

నా పనిలో ఎవరూ పూలదండలు వెయ్యరు. కానీ ఒక మేడలో పాతికమంది ఒకరికొకరు దాచుకున్న రోగాన్ని ఒకే సాయంత్రం వదిలించుకున్నారంటే, అందులో నా చెయ్యి ఉంది. అది నేను ఎవరి దగ్గరైనా తలెత్తుకుని చెప్పగలను.

మొన్న చలికాలంలో ఓనరమ్మ ఇంకొకావిడని వెంటబెట్టుకుని ఓపీడీకి వచ్చింది. పక్కింటి ఓనరు. ఆవిడ కొంగు చేతుల మీదికి లాక్కుని ఎవరి కంటా పడకుండా కూర్చుంటే, మా ఓనరమ్మ లైనులో ఉన్నవాళ్లంతా వినేటట్టు, "ఇందులో సిగ్గేముంది? మా ఇంట్లో అందరికీ వచ్చింది," అని మొదలుపెట్టింది. మందు ఎలా రాయాలో, రజాయి ఎలా మూట కట్టాలో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయింది. లైనులో ముగ్గురు నలుగురు దగ్గరికి జరిగి వింటున్నారు. నేను అడ్డం వెళ్లలేదు. అంతా అయ్యాక మాత్రం, బొడ్డులో రాయడం మరిచిపోవద్దని ఒక్క మాట కలిపాను.