రజియా డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం

మొన్న ఆసుపత్రికి వెళ్తే వరండా ఫినాయిలుతో కడుగుతున్నారు. ఆ ఘాటుకు నా కాళ్లు ఆగిపోయాయి. మోండా మార్కెట్ వెనక సందులో రజియా డాక్టరమ్మ దవాఖానా తలుపు తీస్తే మొదట తగిలేది ఆ వాసనే. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ మిగల్లేదు.

నేను ఎం.బి.బి.ఎస్. ముగించి ఆమె దగ్గర చేరేనాటికి ఆమెకు యాభై దాటాయి. ఒంటరి మనిషి. ఆమెకు నా అన్నవాడు ఒక్క తమ్ముడే, ఎక్కడో జిల్లాలో బడిపంతులు. పై చదువు సర్జరీలోనే చేయాలని నా పట్టుదల. కూతురు సర్జనవుతుందని మా నాయనకూ గొప్ప. అలాంటి రోజుల్లో ఒకనాడు కలరాతో తెచ్చిన పసివాడు మా బల్ల మీదే పోయాడు. తల్లిని సాగనంపి, చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ అన్నది.

“గా బస్తీల ఇది మూడో పానం. అందరు ఒక్క బాయి నీళ్లే తాగుతున్నరు. నువ్వు కత్తి పట్టుడు నేర్చుకుంటనంటున్నవు, మంచిదే. గని ఆ బాయి కాడికి పోయేటోళ్లెవరు బిడ్డా?”

“ప్రజారోగ్యం చదివితే నన్ను డాక్టరని ఎవరంటారమ్మా?” అన్నాను.

“అనకుంటె అనకపోనీ,” అని తువ్వాలు అందుకుంది.

ఆ తర్వాత కొద్ది నెలలకే పోలీసు చర్య జరిగి నిజాం పాలన ముగిసింది. సైన్యం దిగిన రోజు మారేడ్‌పల్లిలో మా వీధివాళ్లు మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. కొన్నాళ్లకు కాంపౌండరు మా ఇంటికి కబురు తెచ్చాడు, జిల్లాలో ముసల్మానుల ఇళ్ల మీద పడ్డ గుంపు డాక్టరమ్మ తమ్ముణ్ణి చంపేసిందని. వెంటనే చెప్పులు వేసుకున్నాను. “ఇప్పుడు ఆ దిక్కు పోకు. నలుగురు ఏమనుకుంటరు?” అన్నాడు నాయన. చెప్పులు విప్పేశాను. మూడు వారాలు దవాఖానాకే వెళ్లలేదు.

చివరికి వెళ్లింది కూడా పరామర్శకు కాదు. పై చదువు దరఖాస్తుకు గడువు దగ్గరపడింది, దానికి ఆమె ఉత్తరం కావాలి. దవాఖానాలో రోగులు కూర్చునే బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె చిక్కి సగమైంది.

“కూసో. గడువు ఎప్పటిదాక?” అన్నది.

“తమ్ముడి సంగతి…” అన్నాను.

“మట్టి జేద్దామంటె వాని మయ్యత్ సుత దొరకలే,” అని కలం తీసింది. “ఏ చదువుకు రాయాలె?”

“ప్రజారోగ్యానికి.”

కలం ఆపింది. “నా కోసమైతే వద్దు. పెండ్లయ్యేదాక గాదు, బతుకంతా చేసే పని.”

“మీ కోసం కాదు,” అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. పేజీ నిండా రాసి, తడి ఆరేదాకా ఆగి, నా చేతిలో పెట్టింది.

నేను కలకత్తాలో చదువుతుండగానే ఆమె పోయింది. ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బావుల్లో మందు వేయిస్తూ, టీకాలు వేయిస్తూ బస్తీలు తిరిగాను. ఆ చదువు ఎంచుకున్నందుకు ఒక్కరోజూ విచారించలేదు. పై చదువుల దారి అడగడానికి వచ్చే పిల్లలు, మీరు సర్జరీ ఎందుకు వదులుకున్నారని అడుగుతుంటారు. కలరాతో పోయిన పసివాడి గురించి చెబుతాను. అదీ నిజమే. ఆ మూడు వారాల గురించి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.