వాళ్ల మురుగు, నా చేతులు

2013 ప్రాంతంలో, వానల్లేక మా టెక్సస్ ఊరి లేక్ అడుగు బయటపడ్డ రోజుల్లో, నేను సిటీ వాటర్ ప్లాంట్ ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. ఇళ్లలోంచి వచ్చే మురుగునీటినే శుద్ధి చేసి తాగేనీళ్లలో కలపాలని సిటీ నిర్ణయించింది. వేరే దారి లేదు. ఆ నీళ్లను పరీక్షించేవాళ్లలో నేనొకదాన్ని. ఒక్క శాంపిల్‌లో తేడా కనబడినా పంపులు ఆపించొచ్చు. ఒకసారి ఆపించాను కూడా. తప్పు మీటరుదేనని తేలినా, పరీక్షలన్నీ మళ్లీ చేశాకే వదిలాను. ఆ నీళ్లే మా ఆరేళ్ల అమ్మాయికి స్కూల్ బాటిల్లో పోసి పంపేదాన్ని.

ఊళ్లో జనం భయపడ్డారు. స్టోర్లలో వాటర్ బాటిళ్లు దొరికేవి కావు. పక్కింటి అమెరికన్ ముసలాయన మొహమ్మీదే అడిగాడు, "టాయిలెట్ నీళ్లు తాగమంటావా?" అని. ప్లాంట్‌కి తీసుకెళ్లి అంతా చూపించాను. వారం ఆలోచించి, తాగాడు. అడిగేవాళ్లంటే నాకు కోపం లేదు.

మనవాళ్లు అడగలేదు.

ఊళ్లోని పది తెలుగు కుటుంబాలకీ ఒక డాక్టర్‌గారి ఇల్లే పెద్దదిక్కు. ఆ శ్రావణంలో వాళ్లింట్లో వ్రతం. పొద్దున్నే తలంటుకుని వెళ్లి, ప్రసాదానికి రవ్వ వేయిస్తున్నాను. డాక్టర్‌గారి భార్య వచ్చి నా చేతిలోని గరిటె తీసేసుకుంది.

"నువ్వు కూర్చోమ్మా. వీళ్లు చేస్తార్లే."

"పర్లేదాంటీ, అయిపోవచ్చింది."

"అది కాదు. రోజూ ఆ నీళ్లు ముట్టుకునే చేతులు కదా. దేవుడి పని... ఏమనుకోకు."

వంటింట్లో ఇంకో ముగ్గురున్నారు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒకామె నర్సు. ఆ నర్సే గరిటె అందుకుని రవ్వ కలపసాగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అది నీళ్ల గురించిన భయం కాదు. ఇండియాలో మా ఊళ్లో మురుగు ఎత్తేవాళ్లకి దూరం నుంచి చెంబెత్తి నీళ్లు పోయడం చిన్నప్పుడు చూశాను. ఆ గొంతు నాకు తెలుసు.

"ఆ మురుగు ఎక్కడిదాంటీ? మీ బాత్రూముల్లోంచి వచ్చిందే కదా! మురికి చేసిన మీ చేతులు మంచివీ, శుభ్రం చేసిన నా చేతులు మైలా?"

హాల్లో మంత్రాలు ఆగిపోయాయి. మా ఆయన గబగబా వచ్చి, "పూజ దగ్గర ఏంటిది? ఊరుకో," అన్నాడు. ఆవిడతో కాదు, నాతో. అమ్మాయిని తీసుకుని కారెక్కాను. ఆయన భోజనం కూడా చేసి, ఎవరో డ్రాప్ చేస్తే వచ్చాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత వానలు పడ్డాయి. లేక్ నిండింది. మురుగునీళ్లు శుద్ధి చేసి కలపడం ఆపేశారు. ఆ నీళ్లు తాగి జబ్బుపడ్డవాళ్లు ఒక్కరూ లేరు. అప్పుడు ఆవిడే ఫోన్ చేసింది.

"పాతవి మనసులో పెట్టుకోకమ్మా. ఇప్పుడు మామూలు నీళ్లే కదా, దీపావళికి వచ్చెయ్."

తప్పయిందన్న మాట లేదు. నీళ్లు మారాయి కాబట్టి నేను పనికొస్తానట.

"నేను రానాంటీ," అని పెట్టేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మా ఆయన మాత్రం ప్రతి పండక్కీ వెళ్తాడు. వెళ్లిన ప్రతిసారీ ఇంట్లో పోట్లాటే.